నర్సమ్మ నాగూర్ బీ

కొత్త బ్యాచ్ పిల్లలు వచ్చిన మొదటి రోజు నేను పాఠం చెప్పను. గుడివాడలో మా నర్సింగ్ స్కూలు ఒక కల్యాణమండపం పక్కన ఉంటుంది. ముహూర్తాల రోజుల్లో బ్యాండు మేళం ముందు నా గొంతు ఎలాగూ వినిపించదు. అందుకని పుస్తకాలు మూయించి ఒకటే ప్రశ్న అడుగుతాను. నర్సు అంటే ఎవరు? ఇంజెక్షన్ చేసే ఆవిడ అంటుంది ఒక పిల్ల. డాక్టరుగారు చెప్పింది చేసే ఆవిడ అంటుంది ఇంకో పిల్ల. వెనక బెంచీలోంచి ఎవతో ఒకతె తప్పకుండా లేచి, సేవ చేసే దేవత అంటుంది. దేవతంట! జీతం పెంచమని అడిగిన రోజున తెలుస్తుంది, దేవతో దెయ్యమో.

అప్పుడు నేను చెప్తాను. ఆ మాట పుట్టినప్పుడు దానికి ఇంజెక్షనూ లేదు, తెల్లబట్టలూ లేవు, అసలు ఆసుపత్రే లేదు. లాటిన్‌లో పాలిచ్చి పోషించడం అనే అర్థమున్న మాట ఫ్రెంచివాళ్ళ నోట్లో నలిగి, ఇంగ్లీషువాళ్ళ దగ్గరికి చేరేసరికి నర్సయింది. మొదట్లో నర్సంటే పరాయి బిడ్డకి తన పాలిచ్చే ఆడమనిషి. మన పాత తెలుగులో దాది అంటారే, ఆవిడ. రోగుల్ని చూసుకోవడమన్నది చాలాకాలం తర్వాత వచ్చి చేరిన అర్థం. పసిపిల్లల్ని పెంచే గది నర్సరీ అయింది, ఆ తర్వాత అంటుమొక్కల్ని పెంచే తోట కూడా నర్సరీయే అయింది. మనం రోజూ అనే న్యూట్రిషన్ కూడా ఆ ఇంటి ఆడపడుచే. అంతటితో ఆగలేదు. ఇంగ్లీషువాళ్ళు కోపాన్ని కూడా నర్స్ చేస్తారు. అంటే చల్లారనివ్వకుండా, కడుపులో పెట్టుకుని, పాలుపోసి పెంచుతారన్నమాట. ఇక్కడికి వచ్చేసరికి పిల్లలు నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఆ తర్వాత గంట కొడతారు.

నాగూర్ బీ సంగతి మాత్రం వాళ్ళకి చెప్పను. చెప్తే నాకు ఏడుపు ఆగదు. మొదటిరోజే టీచరు ఏడిస్తే పిల్లలు ఏడాదంతా మాట వినరు.

నేను బందరులో ఒక పాత ఆసుపత్రిలో, కాన్పుల వార్డులో స్టాఫ్ నర్సుగా చేరేటప్పటికి నాగూర్ బీ అక్కడ ఆయా. పొట్టి మనిషి, గట్టి మనిషి. ఎప్పుడు చూసినా కొంగు బొడ్లో దోపుకుని, చేతిలో బకెట్ పట్టుకుని కనిపించేది. కాపురం ఇంగ్లీషుపాలెంలోనే గానీ ఒక్క ఇంగ్లీషు ముక్క వచ్చేది కాదు. ఇంట్లో వాళ్ళు మాట్లాడేది తెలుగే. భర్త మాబు మంగినపూడి రోడ్డులో ఆటో తోలేవాడు, నోట్లో నాలుక లేనివాడు. ఇద్దరికీ కలిపి మాటలన్నీ ఆమే మాట్లాడేది.

నా కడుపుమంట ఏమిటంటే, హాస్టల్లో నీళ్ళ చారు తాగి, చేతిలో దీపం పట్టుకుని ప్రమాణం చేసి, నర్సింగ్ పాసయింది నేను. వార్డులో అందరూ నన్ను సిస్టర్ అనేవాళ్ళు. నర్సమ్మా అని పిలిచేది మాత్రం ఆమెని. నా పుట్టింటివాళ్ళు పొలం పనులు మాని చదువుకోండర్రా అని మమ్మల్ని తోసింది ఆ ఒక్క మాట వినాలనే గదా! ఒకరోజు ఘంటసాల నుంచి వచ్చిన ముసలమ్మని పట్టుకుని కసిరాను, బెడ్‌పాన్లు కడిగే మనిషి నర్సమ్మేమిటని. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మా మనవడికి పాలిచ్చింది ఆ తల్లేగదమ్మా, నువ్వు కాదుగా" అని అటు తిరిగి పడుకుంది.

అప్పుడు తెలిసింది నాకు. ఆమె కొడుకు ఆమిర్ అప్పటికి చంటివాడు. వాణ్ణి ఇంట్లో చూసేవాళ్ళు లేక, దుప్పట్లు మడతపెట్టే గదిలో చీరతో ఉయ్యాల కట్టి, అందులో వేసి డ్యూటీ చేసేది. పాలు పుష్కలం ఆ మనిషికి. తల్లికి తెలివి రాని బిడ్డ, తల్లి పోయిన బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే ఆమె కాలు నిలిచేది కాదు. చేతులు కడుక్కుని వచ్చి, ఆమిర్‌ని ఒక పక్క, ఆ బిడ్డని ఒక పక్క పెట్టుకుని గోడకి జారగిలబడి కూర్చునేది. ఇప్పుడైతే రక్తపరీక్షలు లేకుండా ఒప్పుకోం, అందరికన్నా ముందు నేనే అడ్డం పడతాను. ఆ రోజుల్లో ఎవరు చూశారు? డాక్టరమ్మ కూడా చూసీ చూడనట్టు వెళ్ళిపోయేది.

కాని ఆమెకొక పట్టింపు ఉండేది. ఏ బిడ్డకి పాలిచ్చినా, ఆ బిడ్డ తాలూకు పెద్దవాళ్ళని వరండాలోకి పిలిచి ఒక మాట చెప్పేది. మీ బిడ్డ నా పాలు తాగిందండీ, ఇహ నేనూ దానికి తల్లినే, నా కొడుకు దానికి అన్న, వీళ్ళకీ వీళ్ళకీ పెళ్ళి పనికిరాదు, గుర్తుంచుకోండి అని. వాళ్ళ మతంలో ఆ కట్టుబాటు ఉంది. ఒక తల్లి పాలు తాగిన పిల్లలు ఎవరి కడుపున పుట్టినా తోబుట్టువులే. పాలిచ్చిన మనిషి ఆ సంగతి చెప్పాలి, దాచకూడదు. హిందువులకీ, మాబోటి క్రైస్తవులకీ కూడా ఇదే చెప్పేది. వాళ్ళు నవ్వేసి, అలాగేలేమ్మా, మీవాడికి పిల్లనిస్తామని మేమన్నామా అనేవాళ్ళు. నవ్వినా చెప్పడం మానేది కాదు. ఆ ఘంటసాల ముసలమ్మ మాత్రం బతికున్నన్నాళ్ళూ కోతలయ్యాక కొత్త బియ్యం పంపింది, మనవడి బందరు అమ్మకి అని చెప్పి.

ఇంత చాదస్తం ఎందుకే నీకు అని నేను ఒకసారి అడిగాను. ఆమె పుట్టింది నాగాయలంక అవతల. ఉప్పెన వచ్చిన ఏడు ఆమె చంటిపిల్ల. తల్లి ఉప్పెనలో పోయింది. చుట్టాలు వెతుక్కుంటూ వచ్చి, బడిలో తలదాచుకున్న జనంలో ఈ పిల్లని గుర్తుపట్టేదాకా ఎవరో ఒక తల్లి పాలిచ్చి బతికించింది. ఎవరో ఎవరికీ తెలియదు. అడిగి పెట్టుకోవాలని తీసుకెళ్ళినవాళ్ళకి తోచలేదు. "ఆమె ఎదురుగా వస్తే నేను పక్కకి తప్పుకుని పోయుంటానక్కా, అమ్మ అని కూడా తెలీకుండా" అంది. సిస్టరుగారూ అనడం మాని అక్కా అనడం ఆ రోజునుంచే మొదలుపెట్టింది.

నేను ఊరుకుంటానా? ఆటపట్టించేదాన్ని. కృష్ణా జిల్లాలో ఆడపిల్లలందర్నీ వాడికి చెల్లెళ్ళని చేసేస్తున్నావు, రేపు నీ కొడుక్కి పిల్ల దొరకదు చూసుకో అనేదాన్ని. ఆమె పడీపడీ నవ్వేది. నా నాలుక మీద మచ్చ ఉందేమోనని ఇప్పుడు అద్దంలో చూసుకుంటూ ఉంటాను.

ఆమిర్ తర్వాత ఆమెకి ఇంక పిల్లలు పుట్టలేదు. జబ్బు చేసి గర్భసంచి తీసేశారు. ఆడపిల్ల లేదని కుమిలేది. పండక్కి బజారుకెళ్తే మనింట్లో ఎవరికని గాజులు కొంటావే అని మాబు అడిగేవాడట. ఊరికే చూసొద్దామని అనేదట. నేను ఆ ఉద్యోగం వదిలేసి గుడివాడ స్కూల్లో చేరాను. ఆమిర్ ఐటీఐ చదివి గుడివాడలోనే ఇన్వర్టర్లు బాగుచేసే షాపులో పనికి కుదిరాడు. వాళ్ళమ్మ చేసిన పచ్చళ్ళు మోసుకుని, పెద్దమ్మా అంటూ నా దగ్గరికి వచ్చేవాడు. మా స్కూలు ఇన్వర్టర్ చెడిపోతే వాణ్ణే పిలిచేవాళ్ళం. కొన్నాళ్ళకి ఆ ఇన్వర్టర్ మరీ తరచుగా చెడిపోతోందని నాకు అనుమానం వచ్చింది. ఆఖరి సంవత్సరం చదివే రిజ్వానా ఏ గదిలో ఉంటే ఆ గది స్విచ్చులే వాడికి తేడాగా కనిపించేవి.

రిజ్వానా పెడన పిల్ల. వాళ్ళ నాన్నది కలంకారీ అద్దకం పని. పిల్ల మాట తక్కువ, పని శుభ్రం. నరం దొరకని ముసలివాళ్ళకి కూడా ఒక్క పోటుతో సూది ఎక్కించేది. ఇద్దర్నీ నా గదిలోకి పిలిచి దులిపేశాను. వాడు తలొంచుకుని, పెళ్ళి చేసుకుంటాం పెద్దమ్మా అన్నాడు. ఆ పిల్ల కాదనలేదు. ఇహ నేనేం చేస్తాను? చదువయ్యేదాకా ఇన్వర్టర్ జోలికి రావద్దని వాడికి చెప్పి, నేనే నాగూర్ బీకి ఫోన్ చేశాను. ఆ మనిషి ఫోన్లోనే ఏడ్చింది. ఇన్నాళ్ళకి మా ఇంట్లో గాజుల చప్పుడక్కా అంది. కోడలని పేరే గానీ కూతురేనంది. రెండిళ్ళవాళ్ళూ మాట్లాడుకున్నారు, ఒప్పుకున్నారు. ఆ ఏడు చదువు పూర్తవగానే నిశ్చితార్థం పెట్టుకున్నారు.

పెడన వెళ్ళాం. పెద్దమ్మ హోదాలో నేను పట్టుచీర కట్టుకున్నాను. అద్దకపు బల్లలు గోడవారకి జరిపి చాపలు పరిచారు. ఇల్లంతా రంగుల వాసన. నాగూర్ బీ రిజ్వానాని దగ్గర కూర్చోబెట్టుకుని, ఎన్నేళ్ళనుంచో బజారులో చూసి వదిలేసినలాంటి ఆకుపచ్చ గాజులు ఆ పిల్ల చేతులకి తనే తొడిగింది. గాజు చిట్లుతుందేమోనని ఎంత మెల్లగా తొడిగిందో! ఆమె మొహం అంత వెలగడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

భోజనాలయ్యాక ఆడవాళ్ళం లోపలి గదిలో సేమియా తింటూ కూర్చున్నాం. రిజ్వానా తల్లి షంషాద్ మాటకారి. కూతురు ఎంత గండం గట్టెక్కి పుట్టిందో చెప్పడం మొదలుపెట్టింది. బందరు ఆసుపత్రిలో కాన్పయిందట. గుర్రపువాతం కమ్మి ఫిట్లు వచ్చి, ఆమెకి రోజుల తరబడి తెలివి లేదట. కళ్ళు తెరిచి చూసేసరికి పిల్ల బూరెలా ఉందట. ఎవరో ఆయమ్మ సాకిందని మా అత్త చెప్పేది అంది. అత్త సంతోషం పట్టలేక, తన చేత్తో అద్దిన దుప్పటి ఆ ఆయమ్మకి ఇచ్చి వచ్చిందట. ఎర్ర అంచు, నడుమ నెమళ్ళు. ఆ అచ్చు తర్వాత విరిగిపోయింది, అలాంటి దుప్పటి మళ్ళీ మా ఇంట్లో అద్దలేదు అంది షంషాద్. అత్త ఉండుంటే ఇవాళ ఎంత సంబరపడేదోనని కళ్ళు తుడుచుకుంది.

నాగూర్ బీ చేతిలోని సేమియా గిన్నె కింద పెట్టేసింది. నేను ఆమె వంక చూశాను, ఆమె నా వంక చూసింది. ఆ నెమళ్ళ దుప్పటి నాకూ తెలుసు. ఆమిర్ దాని మీద దొర్లే పెరిగాడు. రిజ్వానా పుట్టిన రోజుల్లో నేను నా కాన్పుకి పుట్టింట్లో ఉన్నాను గాని, ఆ దుప్పటి ఎవరిచ్చారని తర్వాత అడిగితే, పెడనవాళ్ళు, నేను పాలిచ్చిన పిల్ల తాలూకు అని చెప్పింది. పెడనలో అద్దకం ఇళ్ళు ఎన్నో, ఈ సంబంధం అనుకున్నప్పుడు ఆ సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. అవతలి గదిలో ఆమిర్ నవ్వు వినిపిస్తోంది.

మాబు ఆటోలో బందరు తిరిగొచ్చాం. ఇంటికొచ్చాక మాబు ఆటో కడగడానికి వెళ్తే, ఆమె పెట్టె తెరిచి ఆ దుప్పటి తీసి ఒళ్ళో పెట్టుకుంది. అంతా చెప్పింది. తల్లికి తెలివి వచ్చేదాకా ఆ పిల్లకి పాలిచ్చింది తనే. వరండాలోకి పిలిచి ఆ పెద్దావిడకి చెప్పాల్సిన మాట చెప్పింది కూడా. ఆవిడ బుద్ధిగా తలూపి దుప్పటి చేతిలో పెట్టింది. చావు తప్పించుకుని లేచిన కోడలికి, నీ బిడ్డ మొదట ఇంకొకరి పాలు తాగిందని చెప్పడానికి మనసొప్పలేదో, మర్చిపోయిందో. ఏదైతేనేం, ఆ మాట తనతోనే తీసుకుపోయింది.

"నోరు మూసుకుని ఊరుకో" అన్నాను నేను. "రక్తం కలిసిందా? లేదు. చూసినవాళ్ళున్నారా? లేరు. నీ నోట్లోంచి రాకపోతే దేవుడు కూడా అడగడు."

చర్చిలో ముందు వరసలో నిలబడి పాటలు పాడే మనిషిని. ఆ మాట అనకూడదు. అన్నాను. ఇప్పుడైనా అదే అంటాను.

"రక్తం నేనిచ్చానా అక్కా? అది దేవుడిచ్చాడు. పాలు నేనిచ్చాను" అంది ఆమె. దుప్పటి మీద నెమళ్ళని వేలితో రాస్తూనే ఉంది. "ఊరందరి పిల్లలకీ తల్లినని చెప్పుకుని తిరిగాను. ఇవాళ నా కొడుకు కోసం ఈ ఒక్కదానికీ కాదన్నాననుకో. అప్పుడు మిగతావాళ్ళకి మాత్రం నేనేమవుతాను?"

జవాబు దొరకనప్పుడు నాకు కోపమొస్తుంది. నీ కొడుకు గొంతు నువ్వే కోస్తావా అని అరిచి, గుడివాడ బస్సెక్కేశాను.

ఆమె అన్నం ముట్టడం లేదని మాబు ఫోన్ చేశాడు. పెళ్ళి తేదీ దగ్గర పడుతోంది. చెప్తే కొడుకు పెళ్ళి పోతుంది. చెప్పకపోతే ఆ మనిషి ఇంక మనిషిగా మిగలదు. ఆమె మొండితనం తెలిసినదాన్ని కాబట్టి ఎటు తిరుగుతుందో నాకు తెలుసు. తెలిసే, రోజూ ప్రార్థనలో ఆమె నోరు పెగలకుండా చూడు తండ్రీ అని అడిగాను. ఇలాంటి ప్రార్థన ఎవరైనా చేస్తారా? నేను చేశాను.

ఒక పొద్దున ఆమె దుప్పటి సంచిలో పెట్టుకుని ఒక్కతే పెడన వెళ్ళింది. షంషాద్ ముందు పరిచి, మీ అత్తగారు ఇది ఇచ్చింది నాకేనమ్మా అని చెప్పింది. షంషాద్ దుప్పటి తిప్పి ఆ ఎర్ర అంచు చూసిందట. ఆమె మొదట అడిగింది పెళ్ళి సంగతి కాదు. నాకన్నా ముందు నువ్వు పట్టావా దానికి పాలు అని అడిగిందట. తర్వాత ఇద్దరూ ఏడ్చారు. మగవాళ్ళు వెళ్ళి మసీదులో పెద్దాయన్ని అడిగారు. ఆయన మంచివాడే. నీకు బాగా గుర్తుందా తల్లీ, పొరపాటేమైనా పడుతున్నావా అని నాగూర్ బీని పిలిచి మళ్ళీ మళ్ళీ అడిగాడు. దారి ఇచ్చి చూశాడన్నమాట. ఆమె ఆ దారి పట్టలేదు. అయితే వాళ్ళు అన్నాచెల్లెళ్ళేనమ్మా అని ఆయన లేచి వెళ్ళిపోయాడు.

ఆమిర్‌కి చెప్పే వేళకి మాబు నన్ను రమ్మన్నాడు. వెళ్ళాను. వాడు అరుస్తాడనుకున్నాను. సామాన్లు విసురుతాడనుకున్నాను. వాడు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు.

"ఆ పాలు నావి" అన్నాడు. "ఎవర్నడిగి పోశావమ్మా?"

ఊరందరికీ జవాబు చెప్పే మనిషి, కొడుక్కి మాత్రం మెల్లగా అంది.

"ఏడుస్తోందిరా. పిల్ల ఏడుస్తోందిరా, ఆమిర్."

వాడు ఆ వారంలోనే గుడివాడ షాపు మానేసి విశాఖపట్నం వెళ్ళిపోయాడు. తండ్రికి ఫోన్ చేసేవాడు, నాకు చేసేవాడు. తల్లి ఫోన్ మాత్రం ఎత్తేవాడు కాదు. పండగలొచ్చాయి, వెళ్ళాయి, వాడు రాలేదు. కోపాన్ని నర్స్ చేయడం గురించి పిల్లలకి చెప్తానని అన్నానే, అప్పటిదాకా నాకది పుస్తకంలో మాట. వీడు దాన్ని కళ్ళముందు పెంచి చూపించాడు. చంటిబిడ్డని చూసుకున్నంత శ్రద్ధగా చూసుకున్నాడు, ఎక్కడా నలగనివ్వలేదు. నిశ్చితార్థానికి పెట్టిన చీర, పళ్ళేలు పెడన నుంచి తిరిగొచ్చాయి. ఆకుపచ్చ గాజులు రాలేదు. విరిగిపోయి ఉంటాయనుకున్నాం. రిజ్వానా అవనిగడ్డలో ఒక ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరిందని విన్నాను. ఆ పిల్లకి ఏ మొహం పెట్టుకుని ఫోన్ చెయ్యను? చెయ్యలేదు.

నాగూర్ బీ ఆసుపత్రి పని మానేసింది. వీధిలో పసిపిల్ల ఏడిస్తే తలుపు వేసుకునేది. ఒకప్పుడు ఆ ఏడుపుకి పరిగెత్తిన మనిషి. నేను వెళ్ళినప్పుడల్లా వాడు ఏమన్నాడక్కా అని అడిగేది. అడిగావని చెప్పానులే, బాగున్నాడులే అనేదాన్ని. నేను మంచిపనే చేశానా అని ఒకసారి అడిగింది. చెయ్యలేదని నా నోటిదాకా వచ్చింది. ఆమె మొహం చూసి మింగేశాను.

పక్షవాతం వచ్చి కుడిపక్కంతా పడిపోయింది. నోరు వంకరపోయి మాట పోయింది. మాబు వండి పెట్టగలడు గాని, తినిపించడం చేతకాదు. మెతుకు గొంతుకి అడ్డం పడుతుందని వాడి భయం. ఒక ఆదివారం ఆరాధన కాగానే బందరు వెళ్ళాను. తలుపు తీసే ఉంది. మంచం మీద నాగూర్ బీని సగం లేపి, తన ఒంటికి ఆనించుకుని, ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా రాగిజావ పోస్తోంది రిజ్వానా. బుగ్గ పక్కనుంచి కారిన జావని వెంటనే తుడుస్తోంది. మింగిందో లేదో గొంతు చూసి, వీపు నిమిరి, అప్పుడు ఇంకో గుక్క పోస్తోంది. ఆ పని నేనే నేర్పాను ఆ పిల్లకి. నేను నేర్పింది సూత్రం. చేతిలో ఉన్న ఆ నెమ్మది నేను నేర్పింది కాదు.

మాబు ఎవరికో చెప్తే పెడనకి తెలిసిందట. సెలవు దొరికినప్పుడల్లా అవనిగడ్డ నుంచి బస్సులో వస్తోందట. నీకెందుకమ్మా ఈ కష్టం అన్నాను.

"ఈవిడ నోరు విప్పకపోతే ఈపాటికి నేను ఈ ఇంటి కోడల్ని, మేడమ్. విప్పింది కాబట్టి కూతుర్ని" అంది, ఉగ్గుగిన్నె మీదనుంచి కళ్ళెత్తకుండా. "ఏడవాల్సింది ఏడ్చేశాను. ఎటు చూసినా ఇది నా ఇల్లేగా."

మంచం మీది మనిషి ఎడమ చెయ్యి మెల్లగా జరుపుకుంటూ వచ్చి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. చేతికి ఆ ఆకుపచ్చ గాజులే ఉన్నాయి. నేను వంటింట్లోకి వెళ్ళి పొయ్యి దగ్గర నిలబడి ఏడ్చాను. ఏడుపయ్యాక ఆమిర్‌కి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. నువ్వు కోపం పెంచింది చాల్లేరా, రా అన్నాను. వస్తాను పెద్దమ్మా అన్నాడు. రాలేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే మాట. వాడు వచ్చేటప్పటికి ఆమె లేదు.

క్రిస్మస్ నెల. సముద్రం మీంచి చలిగాలి కొడుతోంది. పొద్దున్నే బస్సు దిగి వచ్చి, తల్లిని చూసి, వాడు పెరట్లో గోడ పక్కన కూలబడ్డాడు. ఎవరు పలకరించినా తల ఎత్తలేదు. ఆడవాళ్ళు పెరట్లో ఆఖరి స్నానానికి చోటు చేసి, చుట్టూ గుడ్డలు కట్టారు. ఒకవైపు గుడ్డ చాలకపోతే మాబు లోపలికెళ్ళి, పెట్టెలోంచి ఆ నెమళ్ళ దుప్పటి తెచ్చి కట్టాడు. అది ఏ దుప్పటో మాబుకి తెలియదని కాదు. అందింది అదే.

స్నానం చేయించే పెద్దావిడ వేరే పేటనుంచి వచ్చింది. ఈ ఇంటి కథ ఆమెకి తెలియదు. కూతుళ్ళెవరమ్మా, ముందు నీళ్ళు వాళ్ళు పోస్తే మంచిది అంది. ఇరుగుపొరుగువాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆమెకి కూతుళ్ళు లేరండీ అని చెప్పడానికి నేను నోరు తెరిచాను.

మా మధ్య కూర్చున్న రిజ్వానా లేచింది. చేతులకున్న గాజులు ఒక్కొక్కటే తీసి నా చేతిలో పెట్టింది.

"నేనున్నాను" అంది. "కూతుర్ని."

ఆ మాట పరదాకి అవతల వినిపించింది. రిజ్వానా కొంగు దోపుకుని, బకెట్‌లో చెంబు ముంచింది. దుప్పటి అవతల ఎవరో లేచి దగ్గరికి వచ్చి నిలబడిన అలికిడి అయింది. నెమళ్ళ మీద నీడ పడింది. ఏడ్చి ఏడ్చి బొంగురుపోయిన గొంతు, ముందు ఒకసారి తడబడి, తర్వాత పలికింది.

"చెల్లీ. నీళ్ళు కాస్త వెచ్చబెట్టి పొయ్యి. అమ్మకి చలెక్కువ."

రిజ్వానా చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది. తర్వాత చెంబులో నీళ్ళు తిరిగి బకెట్‌లో పోసేసింది.

"అలాగే అన్నా" అంది.

లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించి నీళ్ళు పెట్టింది. అవి కాగేదాకా, ఆ గాజులు పట్టుకుని నేను నాగూర్ బీ పక్కన కూర్చున్నాను.